స్లాబు బొక్కలు

మంగళవారం, పులివెందుల

ఈరోజు ఎంత సంతోషమో! పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి కల్యాణ మండపానికి మిద్దె ఏసేసినాం. సెంట్రింగు కట్టెల్లేవు, నీళ్లు పట్టే పనిలేదు. ఫ్యాక్టరీలో పోసి తెచ్చిన స్లాబులను క్రేనుతో ఎత్తి దూలాల మీద పెట్టడమే.

మండపం కట్టిస్తాండే పెద్దాయన మొదటి స్లాబు దగ్గరే క్రేను నిలబెట్టించినాడు. “ఏంది ఇంజనీరు పాపా, లోపల పొడుగునా ఈ బొక్కలు? ఎవుడన్నా నాటుబాంబు పెట్టింటే?”

“బరువు తగ్గేదానికి పెద్దాయనా” అంటే వింటాడా! పార్టీ గొడవల్లో తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి. ఒక్కో స్లాబుకూ వంగి, ప్రతి బొక్కలోకీ టార్చి ఏసి చూసినాడు. నేను లోపల్లోపల శానా నవ్వుకున్యా.

ఆఖరి స్లాబుకు నడుం నొప్పని కూర్చున్యాడు. “ఎత్తండి, ఏముంటాది” అన్యాడు.

“ఆగప్పా!” అని క్రేనాయన మీద అరిచింది నేనే. టార్చి అడిగి తీసుకున్నదీ నేనే.