భద్రతా సభలో బ్రేక్

ఫిల్మ్ నగర్,
మంగళవారం.

మా కౌసల్యకి, అన్నయ్య ఆశీస్సులతో,

ఇందుమూలంగా సమస్త బంధుమిత్రులకూ తెలియజేయడమేమనగా, కమలాకర్ అనబడే నేను నేటినుంచి టీలో బిస్కెట్ ముంచుకోవడం మానేస్తున్నాను. ముంచిన ప్రతిసారీ సగం విరిగి గ్లాసు అడుగున పడుతోంది. బిస్కెట్ కంపెనీవాణ్ణి అడిగితే టీ వేడెక్కువంటాడు. టీకొట్టువాణ్ణి అడిగితే నీ చెయ్యే వంకరంటాడు. జవాబు చెప్పే నాథుడు లేడు.

నవ్వలేదు కదూ. నీ కాలు విరిచిన రైలు కంపెనీకి చప్పట్లు కొట్టడానికి నేనే జనాన్ని తోలుకెళ్ళానని టీవీలో చూసి తెలుసుకున్నావట. బావ ఫోన్ చేసి, "అది నీ పేరెత్తితే చేతిలో ఏముంటే అది విసురుతోంది బావా" అన్నాడు. అందుకే ఉత్తరం. దీన్ని విసిరినా ఎవరికీ దెబ్బ తగలదు.

సినిమాలకి జూనియర్ ఆర్టిస్టుల్ని పంపడం నా పని అని నీకు తెలుసు. పోయిన వారం జూబ్లీహిల్స్ ఆఫీసుకి రమ్మని ఈవెంట్లు చేసే విహారి అనే ఆయన పిలిచాడు. నా ఈడువాడే. జుట్టుకి మాత్రం నాకంటే మంచి రంగు. "కమలాకర్ గారూ, యాడ్ లాంటిదండీ. మిడిల్ క్లాస్ ఫ్యామిలీ లుక్ కావాలి. అంతా ఆర్గానిక్‌గా ఉండాలి" అన్నాడు. "అంటే ఎరువు వెయ్యకుండా పెంచిన మనుషులాండీ" అన్నాను. ఆయనా నవ్వలేదు.

వ్యాన్లు దిగి హాల్లోకి పోయాక బ్యానర్ చూశాను. 'శీఘ్రయాన్ రైల్స్, ప్రయాణికుల భద్రతపై ప్రజాభిప్రాయ సేకరణ.' నీ చీర కొంగు తలుపులో ఇరుక్కుంటే, లోపలివాళ్ళు బ్రేకు పడే ఎర్ర బటన్ నొక్కుతూనే ఉన్నా ఆగకుండా నిన్ను ప్లాట్‌ఫారం చివరిదాకా ఈడ్చుకెళ్ళిన రైలు వాళ్ళదే. తప్పు నీ కొంగుదేనని రిపోర్టు రాసుకున్నదీ వాళ్ళే. ఈ సభలో ప్రజలు తృప్తిపడ్డారని సంతకం పడితే నీ ఫిర్యాదు అక్కడితో మూసేస్తారట. ఆ ప్రజలేమో నా వ్యాన్లలోంచి దిగారు.

వేదిక మీద 'స్వతంత్ర తనిఖీ సంస్థ' తరఫున ఒకాయన కూర్చున్నాడు. ఎవరా అని ఆరా తీస్తే కంపెనీ ఛైర్మన్ తోడల్లుడు. రైలు వాళ్ళది, పట్టాలు వాళ్ళవి, అది బాగుందని చెప్పేది వాళ్ళ తోడల్లుడు. దీన్నంతా పర్యవేక్షించడానికి సర్కారు పంపిన పెద్దమనిషి వెంకటరామయ్య గారు కంపెనీ కప్పిన శాలువాలో వెచ్చగా ఉన్నాడు. ఫైటింగ్ సీన్లలో నెత్తురని పోసే పాకం మీద ఈగలు ముసరడం నేను ఏళ్ళ తరబడి చూశాను. అప్పుడెప్పుడూ ఇంత రోత పుట్టలేదు.

నీకు తెలుసుగా, మా జూనియర్ ఆర్టిస్టు నీలమ్మ, నన్ను గోకింది. "అన్నా, గీడ కెమెరా యాడుంది? గీ కథల రైలు మంచిదా, విలనా?"

"నువ్వు చప్పట్లు కొట్టమ్మా, కథ తర్వాత చెప్తాను" అన్నాను.

తోడల్లుడు మాట్లాడాడు, కొట్టారు. ఛైర్మన్ మాట్లాడాడు, ఇంకా గట్టిగా కొట్టారు. అంతలో వెంకటరామయ్య గారు మైకు దగ్గరికి లాక్కుని "ఎమర్జెన్సీ బ్రేక్..." అన్నాడు. అంతే. మనవాళ్ళకి ఆ మాటకి ఒకటే అర్థం, భోజనం. హాలు హాలంతా లేచింది. కుర్చీలు పడ్డాయి. ఒకడు అతికించుకున్న మీసం పీకి జేబులో పెట్టుకున్నాడు. "బ్రేకయింది, జల్ది రారి, కూరల ముక్కలు అయిపోతయ్" అని నీలమ్మ అందర్నీ తోలింది. టీవీవాళ్ళు ఆమెకి మైకు అడ్డం పెట్టి, "అమ్మా, ఈ రైల్లో రోజూ వెళ్తారా?" అని అడిగారు. "రైల్ల ఎందుకు బిడ్డా, మేం వ్యాన్ల వస్తం. కిరాయికి" అంది.

నువ్వు చూసింది అదే. నేను వెనక కుర్చీలో నోరు మూసుకుని కూర్చున్నాను. దేవుడే ఆ పెద్దాయన చేత ఆ మాట అనిపించాడు.

ఇట్లు
నీ పనికిమాలిన అన్నయ్య
కమలాకర్

*

వెంగళరావు నగర్,
శుక్రవారం.

అన్నయ్యకి,

బిస్కెట్ గోల చదివి మీ బావగారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ సభ చెల్లదన్నారు. మళ్ళీ పెడతారట, ఈసారి రైలుని బయటి ఇంజనీర్లు చూస్తారట. నన్ను మాట్లాడమన్నారు. కర్ర పట్టుకునైనా వెళ్తాను. వెళ్ళి ముందుగా వెంకటరామయ్య గారికి దణ్ణం పెడతాను. శాలువా కప్పించుకున్నా, ఆ మనిషి బ్రేకు ఊసైనా ఎత్తాడు. ఇందులో నువ్వు చేసిందేముంది? ఆయన నోరు జారకపోతే పూర్తిగా చప్పట్లు కొట్టించి, వ్యానెక్కించి ఇంటికెళ్ళి పడుకునేవాడివి. ఊరందరి మీదా వేళాకోళాలాడే నోరు కదా, చెల్లెలి కోసం ఒక్క మాట పెగల్లేదా?

నన్ను చూడ్డానికి రావద్దు.

కౌసల్య

*

ఫిల్మ్ నగర్,
ఆదివారం.

చెల్లాయ్,

రావద్దంటే రాను. ఆ దణ్ణం మాత్రం పెట్టకు.

ఇది బయటికొస్తే ఈ ఫిల్మ్ నగర్‌లో నాకు పని పుట్టదు. పిలిచినవాడి సభని వాడి జనం చేతే చెడగొట్టిన ఏజెంటుని ఎవడు పిలుస్తాడు? విహారి ఇప్పటికే మా వాళ్ళని ఒక్కొక్కర్నీ టీకి తీసుకెళ్ళి కూపీ లాగుతున్నాడు. అందుకని నీకూ అబద్ధమే రాశాను. నువ్వు పోయి ఆ శాలువాకి మొక్కుతావంటే ఇక నా వల్ల కాలేదు.

ఆ పెద్దాయన మైకు లాక్కున్న మాట నిజమే. లాక్కుని అడిగింది, బోగీల్లో ఏసీ ఇంకొంచెం తగ్గించగలరా, తన భార్యకి చలి పడదు అని. దానికీ మనవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను కుర్చీలోంచి లేచి, తలుపు దగ్గరున్న తెర వెనక్కి పోయి, అసిస్టెంట్ డైరెక్టర్ గొంతు పెట్టి 'బ్రేక్' అని అరిచాను. ఆయన బ్రేక్ అన్నాడని రాసింది నా కల్పన. రైలు భద్రత గురించి పెట్టిన ఆ సభలో ఆ మాట పలికినవాడు నేనొక్కడినే.

కమలాకర్