మానులో ఎక్స్

ఖుర్సీపార్, భిలాయి

చి.సౌ. రజనికి అమ్మ దీవెనలు. నీ కూతుర్ని ఆరో తరగతికి దించట్లేదు, ముందు ఊపిరి పీల్చుకో. బిందుకి రానిది లెక్కలు కాదే, హిందీ. మాస్టారు సమీకరణాలు చెప్తూ "మాన్ లో ఎక్స్" అన్నప్పుడల్లా, ఇది మానులో ఎక్స్ ఉందనుకుని నోట్సు నిండా చెట్లు గీసింది. "మాన్ లో అంటే 'అనుకో' అనే, వెర్రిమొహమా" అన్నాను. "ఓస్, అంతేనేటి అమ్మమ్మా" అంది. ఈవేళ బోర్డు దగ్గరికి పిలిచి, మూడు ఎక్సులకి ఐదు కలిపితే ఇరవై, ఎక్స్ ఎంతన్నారట. సుద్దముక్క చేతికిచ్చేలోపే ఐదంది. ఏడులోనే ఉంచారు. నాకు కాలు నిలవట్లేదు. చింతపండు పంపు, ఇక్కడిది పులుపు మరిచిపోయింది. అల్లుడుగారి దగ్గు తగ్గిందా? నువ్విక కంగారు మానుకో. ఈ 'మానుకో' తెలుగే.

అమ్మ