నా భార్య మతిమరుపునకు నేనే బాధ్యుణ్ణి

ఇందిరాపురం, ఘజియాబాద్
18-7-2025

శ్రీయుత జాయింట్ డైరెక్టర్ పార్థసారథి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తమ కార్యాలయంలో సెక్షన్ ఆఫీసరు శ్రీమతి కావేరి స్వచ్ఛంద పదవీ విరమణ దరఖాస్తును ఆమోదించకుండా నిలుపుట గురించి.

పై ఉద్యోగిని భర్తనైన శేషగిరి అను నేను సవినయంగా మనవి చేసుకొనునది. ఉద్యోగి తరఫున భర్త అర్జీ పెట్టుకోవడం నిబంధనలకు విరుద్ధమని ఎరుగుదును. తమరు తెలుగువారు కనుక, మన భాషలో రాస్తే చివరిదాకా చదువుతారన్న ఆశతో రాస్తున్నాను.

1. కావేరికి యాభై ఒక్క ఏళ్లు. నిరుడు ముట్లు ఆగిపోయినది మొదలు ఒంట్లో ఆవిర్లు, చెమటలు, నిద్రలేమి. జనవరిలో వైశాలిలోని డాక్టర్ భరద్వాజ్ మేడం పరీక్షలన్నీ చేయించి, రెండు రకాల హార్మోను మాత్రలు రాశారు. రెండు నెలల్లో మనిషి తేరుకుంది. వంట చేస్తూ పాడుకోవడం ఎన్నాళ్లకో విన్నాను.

2. మా అక్క భానుమతి రొమ్ము క్యాన్సరుతో పోయింది. ఏప్రిల్‌లో మా సొసైటీ వాట్సాప్ గ్రూపులో, హార్మోను మాత్రలు క్యాన్సరు తెస్తాయని ఒక సందేశం వచ్చింది.

"మానెయ్, కావేరీ" అన్నాను.

"డాక్టర్ని అన్నీ అడిగాకే వేసుకుంటున్నానండీ. భయమైతే మీరూ వచ్చి అడగండి" అంది.

నేను వెళ్లలేదు. ఇంట్లో వారానికి సరిపడా మందులు డబ్బాలో సర్దేది నేనే. ఆ రెండు మాత్రల స్థానంలో అదే రంగు విటమిను మాత్రలు పెట్టాను. పదకొండు వారాలు పెట్టాను.

3. ఆ పదకొండు వారాల్లో జరిగినవి తమ రికార్డులో ఉన్నవి. మీటింగులో మాట తడబడి మధ్యలో లేచిపోవుట. ఒకే ఫైలును రెండుసార్లు పంపుట. ఏసీ విషయమై క్లర్కు రవికిరణ్‌పై కేకలు వేయుట, తత్సంబంధ మెమో.

రికార్డులో లేనిది: మెమో వచ్చిన రోజు బాత్రూంలో కుళాయి విప్పుకుని ఏడ్చింది. బయటికొచ్చి, "మా అమ్మకూ ఇలాగే మొదలైంది. నాకు మతి పోతోందేమోనండీ" అంది. నేను మజ్జిగ కలిపి ఇచ్చాను. నిజం చెప్పలేదు. మొదట్లో ఆమెను కాపాడుతున్నాననే అనుకున్నాను అయ్యా. అప్పటికి మాత్రం, దొరికిపోతానన్న భయం ఒక్కటే మిగిలింది. మర్నాడే ఆమె విరమణ దరఖాస్తు పెట్టింది.

4. మందు పనిచేయడం లేదని గత వారం డాక్టరమ్మ డోసు పెంచబోయారు. మర్నాడు ఒక్కణ్ణే వెళ్లి ఒప్పుకున్నాను. ఆవిడ హిందీలో అన్నది ఇది:

"భాయీసాబ్, క్యాన్సరు వచ్చింది మీ అక్కకు. మీ భార్యకు గాని, ఆమె పుట్టింటివాళ్లకు గాని లేదు. రొమ్ము క్యాన్సరు వచ్చినవాళ్లకు, రక్తం గడ్డలు కట్టినవాళ్లకు నేనీ మాత్రలు రాయను. ప్రమాదం బొత్తిగా లేదనీ అనను. ఏళ్ల తరబడి వాడితే కొంచెం పెరుగుతుంది. ఆమె వయసుకీ ఆరోగ్యానికీ మేలే ఎక్కువ. అదంతా ఆమెకు చెప్పాను, ఆమె ఆలోచించుకుని ఒప్పుకుంది. మధ్యలో మీరెవరు?"

ఆ సాయంత్రమే డబ్బాలో అసలు మాత్రలు తిరిగి పెట్టాను.

కావున, సదరు దరఖాస్తు ఆమె అసమర్థత వల్ల గాక నా నిర్వాకం వల్ల పెట్టినదని గుర్తించి, ఉపసంహరించుకొను అవకాశం ఇప్పించి, మెమోను పునఃపరిశీలించ ప్రార్థన. నన్ను శిక్షించే అధికారం తమకు లేదు. ఉంటే బాగుండేది.

నా తప్పును తప్పుగానే తమరు చిత్తగించవలెను.

తలెత్తుకోలేని
తమ విధేయుడు,
శేషగిరి

తా.క.: పోస్టు చేసేముందు దీన్ని కావేరి చేతికిచ్చాను. నోటితో చెప్పే ధైర్యం చాలలేదు. నిలబడే చదివింది. దరఖాస్తు సోమవారం తానే వచ్చి వెనక్కి తీసుకుంటానంది.

"అయితే ఇది చింపెయ్యనా?" అన్నాను.

"వద్దు, పంపండి. నా ఫైల్లో అన్నీ నా తప్పులే ఉన్నాయి. మీదీ ఒకటి ఉండనివ్వండి."