అంచుకు జరిపిన వరుసలు

మంగళవారం, రాత్రి

తప్పులుంటే, అక్షరాలు వంకరపోతే మన్నించాలి. నేను ఐదో తరగతి దాకే చదివాను.

దుండిగల్ దగ్గర బండి మీంచి పడి మా ఆయన చెయ్యి విరిగింది. ఆయన ఒక్కో అక్షరం చెబుతుంటే ఆఫీసు కంప్యూటర్ కోడ్ నేనే టైపు చేస్తున్నాను. ఇవాళ అంతా సరిచూసి స్నానానికి వెళ్లారు. వరుసలు మెట్లలా లోపలికి జరిగి కనిపిస్తే, బడిలో నేర్పినట్టు అన్నిటినీ అంచుకు సమంగా జరిపాను. ఆయన వచ్చి పంపమంటే పంపాను.

తెర మీద ఏ బటన్ ఏ పెట్టెలో ఉండాలో వరుసల ముందుండే ఆ ఖాళీలే చెబుతాయట. ఆఫీసులో పేజీ తెరుచుకోలేదు.

"గింత తప్పు ఎట్ల జేసిన? తలకు గూడ దెబ్బ తాకినట్టుంది. ఇగ గీ పని నాతోని గాదు, స్వప్నా," అన్నారు.

రేపు ఉద్యోగం మానేస్తారట.

వరుసలు జరిపింది నేనేనని పొద్దున్నే చెప్పాలి. చెప్పగలనో లేదో... ఈ పేజీ ఎవరికైనా దొరికితే ముందు ఆయనకు చూపించి, తర్వాత కాల్చేయండి.