ఎర్ర ట్యాగ్ తీసే హక్కు

జూన్ 3, శనివారం

చొక్కా జేబులో పాత ట్యాగ్ ఒకటి ఇంటికొచ్చేసింది. ఎర్ర ప్లాస్టిక్ బిళ్ళ, పైన చిల్లు, చిల్లులో తాడు. చొక్కా ఉతకడానికి తీసిన మా ఆవిడ కంటే ముందు కూతురు చూసింది. ఇదేంటని అడిగింది. లిఫ్ట్ రిపేరుకి షాఫ్ట్‌లోకి దిగేముందు మెయిన్ ఆఫ్ చేసి స్విచ్‌కి ఇది తగిలిస్తాం, లోపల మనిషి ఉన్నాడు, ఎవరూ ఆన్ చెయ్యొద్దు అని అర్థం అన్నాను. మరి ఎవరు తీస్తారు అంది. తగిలించినవాళ్ళే తియ్యాలి, మా సూపర్‌వైజరైనా సరే ముట్టుకోకూడదు అన్నాను.

ట్యాగ్ తిరిగివ్వలేదు.

జూన్ 5, సోమవారం

బాత్రూం తలుపుకి ట్యాగ్. లోపల మనిషి ఉంది. డ్యూటీకి లేటయ్యాను.

జూన్ 8, గురువారం

సాయంత్రం టీవీకి ట్యాగ్ వేలాడుతోంది. లోపల మనుషులున్నారట, పొద్దుట్నుంచీ మాట్లాడి మాట్లాడి అలిసిపోయారట, పడుకోనివ్వాలట. చెప్పేసి తను కూడా పడుకుంది. అత్తగారి సీరియల్ టైమైంది. ఆవిడ చెయ్యి చాపితే, నువ్వు తీస్తే అది లేచాక ఊరుకోదు అని మా ఆవిడ ఆపింది. పిల్లకి అన్నీ తండ్రి బుద్ధులే వచ్చాయన్నారు అత్తగారు. పొగడ్త కాదని నాకూ తెలుసు. అయినా లోలోపల మురిసిపోయాను.

అత్తగారు అప్పటినుంచీ దాన్ని ఇన్‌స్పెక్టరమ్మ అంటున్నారు. ఆ పేరు దానికి బాగా అతికింది. కుర్చీలో కూర్చునేముందు చేత్తో ఊపి చూస్తుంది. ఎవరి షూ లేసు ఊడినా దారికి అడ్డంగా నిలబడుతుంది. పోయినేడాది ఇంటికి ఎవరొచ్చినా వాళ్ళమ్మ కొంగు వెనక దూరిన పిల్లేనా ఇది? ఎప్పుడు మారిందో నేను చూడనేలేదు. నేను డ్యూటీలో ఉన్నప్పుడే మారి ఉంటుంది.

జూన్ 13, మంగళవారం

ఆదివారానికి దానికి నాలుగేళ్ళు నిండుతాయి. ఇవాళ పాత పుట్టినరోజు ఫోటోలు తీసి చూశాను. మొదటిదాంట్లో నేను లేను. రెండోదాంట్లో ఓ పక్క నా మోచెయ్యి ఉంది. మూడోదాంట్లో పూర్తిగానే ఉన్నాను గానీ కేకు అప్పటికే అయిపోయింది, ఖాళీ ప్లేటు పట్టుకుని నవ్వుతున్నాను. సెలవు రోజే లిఫ్టులకి రోగమొస్తుంది, ఏం ఖర్మో.

ఈసారి కేకు కోసేటప్పుడు పక్కన ఉండాలి. నాకింకేం అక్కర్లేదు. నాతో పనిచేసే పొడుగాయన ఆదివారం నా డ్యూటీ చేస్తానన్నాడు. మాట మీద నిలబడే మనిషి.

జూన్ 17, శనివారం

కొత్త గౌను తెచ్చాం. తిప్పి తిప్పి చూసి వద్దంది. జేబు లేదట, ట్యాగ్ ఎక్కడ పెట్టుకోవాలట. బుజ్జగించాం, కసిరాం, గోడకి చెప్పుకున్నట్టే అయింది. చివరికి అత్తగారే గొణుక్కుంటూ సూది తీసుకుని జేబు కుట్టారు. పాత దిండు గలేబు గుడ్డ, రంగు కలవలేదు. ఇన్‌స్పెక్టరమ్మ జేబులో చెయ్యి పెట్టి చూసుకుని, అమ్మమ్మకి ముద్దు పెట్టింది. అత్తగారి కోపం అక్కడికక్కడే మాయం.

జూన్ 18, ఆదివారం, సాయంత్రం, వ్యాన్‌లో

ఫోనొచ్చింది. పొడుగాయన ఊరికి ఆ చివర ఇంకో లిఫ్టు దగ్గర ఇరుక్కుపోయాడు. ఇక్కడ ఒక అపార్ట్‌మెంట్‌లో ముసలావిడ, మనవడు మధ్యలో ఆగిపోయారు. ఇంకెవరూ లేరు, నువ్వే వెళ్ళాలి అన్నాడు సూపర్‌వైజర్.

అప్పటికే పిల్లలొస్తున్నారు. కేకు టేబుల్ మీద ఉంది. కొత్త గౌనులో దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని చెప్పాను. లోపల ఎవరున్నారు అంది. అమ్మమ్మ లాంటి ఆవిడ, నీకంటే కాస్త పెద్దబ్బాయి అన్నాను. లైటుందా అంది. తెలీదన్నాను. గదిలోకెళ్ళి నా టూల్ బ్యాగ్ రెండు చేతులతో ఈడ్చుకొచ్చి గుమ్మం దగ్గర పెట్టింది.

ఏడుస్తుందనుకున్నాను. నిజం చెప్పాలంటే కాస్త ఏడిస్తే బాగుండుననిపించింది. మనసు చివుక్కుమంది. నేను లేకపోవడం దానికి అలవాటైపోయిందా?

అదే రోజు, ఇంటికొచ్చాక

ముసలావిడా మనవడూ క్షేమంగా బయటపడ్డారు. బ్రేకు బాగుచేసేసరికే ఇంత ఆలస్యం. మెట్లెక్కుతూ ఖాళీ ప్లేటు మొహం ముందే పెట్టేసుకున్నాను.

కేకు చెక్కుచెదరలేదు. పక్కనున్న చాకు పిడికి ఎర్ర ట్యాగ్.

అత్తగారు ముభావంగా ఉన్నారు. వచ్చిన పిల్లలకి బిస్కెట్లూ బెలూన్లూ ఇచ్చి పంపేశారట. ఆ తల్లుల మొహాలు చూడలేక తల కొట్టేసినట్టయిందన్నారు. మా ఆవిడ బతిమాలింది, బెదిరించింది, ఒక్క ముక్క కోసి నాన్నకి దాచిపెడదామంది. ఇన్‌స్పెక్టరమ్మ ఒకటే మాట. నాన్న లోపల ఉన్నాడు.

అందరికీ వినపడేలా అందట. నాన్న లోపల ఉన్నప్పుడు ఏదీ మొదలెట్టకూడదు అందట.

అది సోఫాలో గౌనుతోనే నిద్రపోతోంది. ఒక చెయ్యి జేబులో ఉంది. మా ఆవిడ ఆ ట్యాగ్ తీసెయ్యగలిగేది. తియ్యలేదు. నేనూ చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. కడుపు నిండిపోయింది. ఇలాంటి పిల్ల నాకెలా పుట్టింది?

జూన్ 19, సోమవారం

పొద్దున లేవగానే నా దగ్గరికొచ్చింది. చేతులు చూసింది, తిప్పి మళ్ళీ చూసింది. పాదాలు చూసింది. మొత్తం బయటికొచ్చేశావా అని అడిగింది. మొత్తం వచ్చేశానన్నాను. అబ్బాయి కూడానా అంది. అబ్బాయి కూడా అన్నాను.

అప్పుడు వెళ్ళి ట్యాగ్ తీసింది.

పళ్ళు తోముకోకుండా కేకు తిన్నాం, అత్తగారితో సహా. మా ఆవిడ ఫోటో తీసింది. అందరి జుట్టూ రేగిపోయి ఉంది. నా నోట్లో కేకుంది, దాని చెయ్యి నా మెడ చుట్టూ ఉంది. ఫోటోలో తల నుంచి కాలి దాకా ఉన్నాను.

జూన్ 20, మంగళవారం

మధ్యాహ్నం లంచ్ బాక్సు తీస్తే మూతకి ఎర్ర ట్యాగ్. పొడుగాయన నవ్వాడు. నేను ముట్టుకోలేదు. సాయంత్రం ఇంటికి తెచ్చాక తనే తీసింది. లోపల దాని బొమ్మ నిద్రపోతోంది. అన్నం ఫ్రిజ్‌లో ఉందట.