నల్ల పొట్టేలును తోసినవాళ్లు

1996 అక్టోబరు 20, ఆదివారం

ప్రియమైన అమ్మకు,

నీ సెలీన్ ప్రేమతో రాస్తున్న ఉత్తరం. నాన్నా నేనూ ఒంట్లో బాగానే ఉన్నాం. బోయిసీలో నువ్వూ పిన్నీ కూడా అలాగే ఉన్నారని తలుస్తాను. ఈ ఉదయం నాన్న కాఫీకి బల్ల మీద మూడు కప్పులు పెట్టాడు. కాసేపు వాటినే చూసి, ఒకటి తీసి మళ్లీ అలమరలో పెట్టేశాడు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. నేను ఎదురుగా నిలబడితే నాన్న మాత్రలు వేసుకుంటున్నాడు. సిస్టర్ బెర్ట్రాండ్ కాలు నయమైంది. బడి గ్రంథాలయంలో నన్ను వచ్చే ఏడాది కూడా ఉంచమని ఆవిడే చెప్పిందట. పాత వాగన్ ఇంకా నడుస్తోంది. దాని సీటు కింద నీ చేతి తొడుగు ఒకటి దొరికింది, ఎడమ చేతిది. అక్కడే ఉంచాను.

చివర్న అడిగావు, ఈసారి నాన్న పాత రేసు కారును, మన నల్ల పొట్టేలును, ఎవరు తోశారని. దానికి జవాబు కొంచెం పొడుగు.

వర్నా గారి గురించి వేసవిలో రెండు ముక్కలు రాశాను. ఫ్రెస్నోలో ఒక్కర్తే ఉంటుంది, భర్త పోయి మూడేళ్లయింది. పదిహేనేళ్ల వయసు నుంచి కంచె పట్టుకుని రేసులు చూసిన మనిషి. ఆవిడ దగ్గర మూడు అట్టపెట్టెల నిండా పాత రేసు కార్ల ఫొటోలున్నాయి. వాటిలో మన నల్ల పొట్టేలువే నలభై. ఏప్రిల్ నుంచి ప్రతి ఆదివారం వచ్చేది. షెడ్డులో నాన్న, ఆయన పాత జోడీ హోమర్, ఆవిడ కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్లు.

"అరవై నాలుగు ఎండాకాలం, నీ ముందు చక్రం ఊడిపోయి నీకన్నా ముందు గీత దాటింది. గుర్తుందా మార్సెల్?" అనేది.

"చక్రమే గెలిచింది. కప్పు పొరపాటున నాకిచ్చారు," అనేవాడు నాన్న.

"ఫొటోలో నీ మొహం కన్నా చక్రమే బాగా పడిందిరా," అనేవాడు హోమర్.

నాన్న పడీపడీ నవ్వేవాడు. నువ్వు వెళ్లాక నాలుగేళ్లలో నాతో భోంచేస్తూ ఆయన అలా నవ్వలేదు. నేను గుమ్మంలో పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. పేజీ తిరిగేది కాదు. నేను పుట్టక ముందరి మా నాన్న ఆవిడకు తెలుసు. ఆ మనిషి నాకు ఏ పుస్తకంలోనూ దొరకడు.

ఇప్పుడు వాళ్లు పోటీ పడరు కదా. పాత కార్లను తీసుకొచ్చి, ఇంజన్లు మండించి, గొట్టాల్లోంచి వచ్చే మంట చూసి, చప్పుడు విని, తుడుచుకుని ఇంటికి తీసుకుపోతారు. కానీ ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న దగ్గర పెళ్లిలో ఉన్నంత పట్టింపు. పొట్టేలు తనంతట తాను లేవదు, వెనక నుంచి వాగన్‌తో తోయాలి. ఆ వాగన్ స్టీరింగు ముప్ఫై ఏళ్ల కిందట నీది. "ఒడెట్ బంపరు ఆనించిందంటే, నిద్రపోయిన పాపను పక్కలో వేసినట్టుండేది," అని హోమర్ చెప్పని ఆదివారం లేదు.

వేసవంతా నేను సాయంత్రాలు బాదం తోటల మధ్య మట్టి దారిలో వాగన్ నడిపాను. దారి చివర ఒక డ్రమ్ము పెట్టి, దానికి బంపరు మెల్లగా ఆనించడం నేర్చుకున్నాను. నాన్నను అడగలేదు. అడగకుండానే ఆయనకు తెలుస్తుందనుకున్నాను. సెప్టెంబరులో ఒక భోజనం దగ్గర నాన్న వాగన్ తాళం చెవి బల్ల మీదుగా వర్నా గారి వైపు జరిపాడు. చిక్కుళ్ల సూపు గిన్నె పక్కనుంచి, నా పళ్లెం ముందునుంచి.

"నాకా?" అందావిడ. కళ్లు తుడుచుకుంది.

మొన్న పదకొండో తేదీ శుక్రవారం, శనివారం నాటి పాత కార్ల ప్రదర్శనకు ముందు, ఒకసారి తోసి చూసుకున్నారు. వర్నా గారు బాగానే తోసింది. నాన్న ఎడమ చెయ్యెత్తాడు, నూనె ఒత్తిడి వచ్చిందని. ఇంజను అందుకుంది. ఆయన ఎప్పటిలాగే పరుగు మొదలయ్యే గీత వైపు ఎడమకు తిప్పాడు. వాగన్ కుడికి తప్పుకోవాలి. ఆవిడా ఎడమకే తిప్పింది. వాగన్ మూల వెళ్లి పొట్టేలు తోకకు తగిలింది. కొత్త రంగు వేసిన రేకు నలిగి లోపలికి పోయింది. నాన్నకు దెబ్బ తగల్లేదు, కంగారు పడకు.

ఆయన దిగి, ముసుగు తీసి, అందరి ముందూ అరిచాడు.

"ఇంతకాలం ఏం చూశావమ్మా కంచె పట్టుకుని? ఒడెట్ ఒక్కసారంటే ఒక్కసారి ఇలా చేసిందా?"

వర్నా గారు నా వైపు చూసింది. ఎక్కువసేపు కాదు.

"పొరపాటు నాదే మార్సెల్," అంది. తాళం చెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. "నువ్వు తోయమ్మా. నీకు వచ్చని నాకు తెలుసు. ఓ రోజు తోటలో డ్రమ్ముతో నిన్ను చూశాను."

శనివారం నేనే తోశాను. ఆవిడ కంచె బయట, జనంలో నిలబడింది. బంపరు ఎప్పుడు ఆనిందో నాకే తెలియలేదు. చెయ్యి లేచింది, ఇంజను అందుకుంది, నేను కుడికి తప్పుకున్నాను. ఆ ఇంధనం ఆవిరికి అక్కడ అందరికీ కళ్లలో నీళ్లే, అందుకని నన్నెవరూ ఏమీ అడగలేదు. హోమర్ వచ్చి వాగన్ తలుపు మీద తట్టాడు. "అచ్చం ఒడెట్," అన్నాడు. నాన్న తలూపాడు.

ఆ మాట కోసమే వేసవంతా చూశాను. విన్నాక నాకు నీ మీద కోపం వచ్చింది. నేను తోసినా అది నీ తోపే అయింది. ఇలా రాసినందుకు ఏమీ అనుకోకు. వర్నా గారి మీద నా కుళ్లు ఏప్రిల్లో మొదలైంది. నీ మీద ఎప్పటినుంచో లెక్క తెలియదు.

అమ్మా, శుక్రవారం పొద్దున, వాళ్లు పొట్టేలును బండి మీంచి దించుతుండగా వర్నా గారు నా దగ్గరికొచ్చింది. "సెలీన్, ఒక్కో చోట ఒక్కో పద్ధతి ఉండేది. ఇక్కడ ఇంజను అందుకున్నాక మీ అమ్మ ఎటు తప్పుకునేది? మార్సెల్‌ను అడిగితే నవ్వుతాడు, నేను సర్వం తెలిసినదాన్నని ఆయన నమ్మకం," అంది.

ఎడమకు అని చెప్పాను.

మరిచిపోయి కాదు. నువ్వు కుడికి తప్పుకునేదానివని నాకు కంఠతా వచ్చు. ఆవిడ అందరి ముందూ తడబడాలనుకున్నాను, అంతే అనుకున్నాను. ముందు కారులో ఉన్నది నాన్న అని ఆ క్షణంలో నా బుర్రకు తట్టలేదు. ఆవిడ ఒక్క మాటంటే నా పని అయిపోయేది. అనలేదు. ఆ శనివారం సాయంత్రం వెళ్లిపోయింది, తర్వాతి ఆదివారం రాలేదు. "వయసైపోయింది, చూపు ఆనట్లేదు," అని ఫోనులో నాన్నకు చెప్పిందట. ఆయన నమ్మాడు. రేకు సాపు చేస్తున్నాడు, ఎవరితోనూ నవ్వడం లేదు.

ఈ పొద్దున ఆ మూడో కప్పు అలమరలోకి వెళ్లాక ఆయనకు చెప్పేశాను. షెడ్డులో రేకు కొడుతున్న సుత్తి పక్కన పెట్టాడు. "నాకు కాదు చెప్పాల్సింది," అన్నాడు.

పిన్నిని అడిగానని చెప్పు. చలి మొదలైందని రాశావు, ఊలు చొక్కా వేసుకో. ఈ ఉత్తరం మన వంటింట్లో కూర్చుని రాయడం లేదు. పొద్దున పదిన్నర బస్సెక్కి ఫ్రెస్నో వచ్చాను. బస్టాండు ఎదుటి కాఫీ కొట్టులో ఉన్నాను. వర్నా గారిల్లు ఇక్కడికి నాలుగు వీధులు.

ఇట్లు,
నీ కూతురు
సెలీన్