మన బూత్‌లో పడ్డ ఒక్క ఓటు

చిరంజీవి గంగరత్నానికి మీ నాన్న దీవించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమమని ముందు రాయాలి కాబట్టి రాశాను. మీ అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. నువ్వు చెప్పిన మందు రేపల్లెలో లేదు, తెనాలి నుంచి తెప్పించాను. ఫోన్‌లో మాట్లాడితే పక్కింటి దాకా వినపడుతుంది. అందుకే ఈ కోడిగీతలు. ఓపికగా చదువుకో.

నెదర్లాండ్స్‌లో ఓటు సంగతి అర్థమైందా అని అడిగావు. అయింది. నాకు పెద్ద చదువు లేదు గాని బుర్ర ఉంది. నువ్వు చూసుకునే ముసలమ్మను చక్రాల కుర్చీలో ఓటుకు తీసుకెళ్లావు. దుప్పటంత కాగితం, పార్టీకొక వరస పేర్లు, ఎర్ర పెన్సిల్‌తో ఒక పేరు పక్కన గుండ్రం నింపాలి. ఎక్కడెక్కడ వేసినా ఓట్లన్నీ ఒకచోట కలుపుతారు. నూటికి పది వచ్చిన పార్టీకి నూట యాభై సీట్లలో పదిహేను. ఒక్క సీటుకు కూడా చాలకపోతేనే వృథా. ఎవరికీ సగం రాదు గనక, పెళ్లి సంబంధంలా నెలల తరబడి మాట్లాడుకుని కలిసి ప్రభుత్వం పెడతారు. ఆ ముసలమ్మ చిన్న పార్టీకి వేసి, "మావాళ్లు ముగ్గురైనా పార్లమెంటుకు వెళ్తారు" అని నవ్విందట. ఆ మాట నన్ను వదల్లేదమ్మా.

ఇక్కడ బాపట్ల పార్లమెంటుకు గెలిచేది ఒక్కడే. మిగతావాళ్లకు పడ్డవన్నీ ఉప్పుటేరులో పోసినట్టే. అందుకే మన పల్లె ఒక్క మాట మీద వేస్తుంది. ఏ బూత్‌లో ఎవరికెన్ని పడ్డాయో లెక్కింపులో బయటపడుతుంది. చీలకుండా వేస్తేనే గెలిచినవాడు మన రేవు వైపు చూస్తాడు. ఈసారి కట్టుబాటు పెట్టిన పెద్దల్లో నేనూ ఉన్నాను. మనవాడే, పొరుగు పల్లె రంగనాయకులు ఇండిపెండెంటుగా నిలబడినా, గెలవడు కాబట్టి వద్దన్నాం.

లెక్కింపులో మన బూత్ నుంచి రంగనాయకులుకు ఒక ఓటు తేలింది. ఒక్కటే.

నాగులు బావ ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని అడిగావు. కూర్చుని చదువు.

వలల షెడ్డులో అందర్నీ కూర్చోబెట్టారు. పెద్దల్లో పెద్ద వరప్రసాదం లేచి, "పల్లె పరువు తీసినోడెవడ్రా?" అన్నాడు.

"ఇంకెవడు! రంగనాయకులు చుట్ట తీస్తే అగ్గిపుల్ల గీసేది నాగులేగా!" అని వెనక నుంచి ఎవడో అన్నాడు. నవ్వారు.

"పెద్దోళ్లు చెప్పిందే నొక్కానండి, ఒట్టు. మావయ్యా, నువ్వైనా చెప్పు" అని నాగులు నా వంక చూశాడు.

నేను కండువా దులుపుకున్నాను.

వాణ్ణి వెలి వేశారు. నీకు తెలిసిందే, ఏ పడవా ఎక్కించుకోదు, వాడి చేప ఎవరూ కొనరు. వేట నిషేధం అయ్యాక ఒక్కడే తెప్ప వేసుకుని వెళ్లాడు. పొన్నూరు సంతలో అమ్ముకుంటానన్నాడట. ఇద్దరు లాగాల్సిన వల అది. తెప్ప ఖాళీగా వచ్చింది. తర్వాత వాడూ ఒడ్డుకు వచ్చాడు.

ఆ ఓటు నాది, గంగరత్నం.

మిషన్ ముందు నిలబడ్డప్పుడు, ఇది ఎందులోనూ కలవదని తెలుసు. అయినా ఆ ముసలమ్మలాగా ఒక్కసారి నా మనసులో ఉన్నవాడికి వెయ్యాలనిపించింది. నేను పెట్టిన కట్టుబాటు నేనే తెంపాను. షెడ్డులో నోరు తెరవడానికి నా పెద్దరికం ఒప్పుకోలేదు.

శవం దగ్గర వరప్రసాదం, "మనిషితో పాటే తప్పూ పోయింది. వెలి ఎత్తేశాం. పాడె పట్టండ్రా" అన్నాడు. అక్కడితో ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. అప్పుడు చెప్పాను.

నాగులు పెళ్లాం అచ్చమ్మ ఏడుపు ఆపింది. "ఇప్పుడా చెప్పేది?" అంది. వరస పెట్టి పిలవలేదు.

పాడె మీద చెయ్యి వెయ్యబోతే తియ్యమన్నారు. తీశాను.

వెలి ఇప్పుడు మనింటికి వచ్చింది. మీ అమ్మ అన్నం పెడుతుంది, మాట్లాడదు. ఆటోవాళ్లు ఎక్కించుకోరు కాబట్టి ఈ ఉత్తరం రేపల్లె దాకా నడిచి వెళ్లి పోస్టులో వేస్తాను. నా కోసం ఎవర్నీ బతిమాలకు. అచ్చమ్మకు ఫోన్ చెయ్యి, నా పేరెత్తకు.

మీ ముసలమ్మ అడిగితే మా నాన్నకు అర్థమైందని చెప్పు. మిగతాది చెప్పకు.

ఇట్లు
మీ నాన్న
కొండయ్య